కెమిస్ట్రీలో ఏ అంశం మీద పరిశోధన చేయాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో అంశం వెతుక్కుంటున్నవాళ్ల కోసం ఈ పేజీ. ల్యాబులో చేతికి అందే పనులకే ఎక్కువ చోటు ఇచ్చాం. ఫ్లోరైడ్ గురించి కావాలనే సాగదీసి రాశాం. ఈ రెండు జిల్లాల కెమిస్ట్రీ విద్యార్థికి అంతకంటే దగ్గరి అంశం లేదు, అంత ఎక్కువగా తప్పులు దొర్లే అంశమూ లేదు.

ఇక్కడే ఉండి చేయదగిన అంశాలు ఏమున్నాయి?

చుట్టూ చూస్తే చాలు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. కోస్తా వెంబడి రొయ్యల చెరువుల్లో అమ్మోనియా, రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు, ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర గుట్టలు పడే రొయ్య పొట్టు. ముత్తుకూరు మండలం నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద. పొదలకూరు, గూడూరు నిమ్మ తొక్కల నుంచి లిమోనిన్, పెక్టిన్. ఒంగోలు, కందుకూరు పొగాకు నుంచి సొలనెసోల్. కోఎంజైమ్ క్యూ10 తయారీకి ఇదే ముడిసరుకు. చీమకుర్తి గ్రానైటు కోత దగ్గర మిగిలే స్లర్రీ. ఇవి కాక ఎక్కడైనా జరిగేవి ఉన్నాయి: ఆర్గానిక్ సింథసిస్, మందుల్లో ఏముందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతులు, ఫొటోక్యాటలిస్టులు, బ్యాటరీ పదార్థాలు, కంప్యుటేషనల్ పని.

అంశం ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది "ఇది కొత్తదా" అని కాదు. "దీన్ని నేను నమ్మకంగా కొలవగలనా" అని. కొలవలేని అంశం ఎంత కొత్తదైనా రెండో ఏడాదిలో ఆగిపోతుంది.

ఫ్లోరైడ్ మీద ఇప్పటికే బోలెడు పని జరిగింది కదా, ఇంకా ఏం మిగిలింది?

జరిగిన మాట నిజమే. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ (ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) వస్తున్నట్టు తొలిసారి 1937లో ప్రచురించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి; 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. అప్పటి నుంచి సర్వేలు, వడపోత పదార్థాలు లెక్కలేనన్ని వచ్చాయి. అయినా ఆ ఊళ్లలో ఇప్పటికీ నీళ్ల క్యాన్లు కొనుక్కుంటున్నారు.

మిగిలిన పని ఇది: మామూలు బోరు నీళ్లలో, వాటి అసలు పీహెచ్ దగ్గర, బైకార్బనేటు ఉండగానే పనిచేసే పదార్థం, అల్యూమినియం వదలనిది, పదిసార్లు రీజెనరేట్ చేసినా (పట్టిన ఫ్లోరైడును వదిలించి మళ్లీ వాడినా) తట్టుకునేది. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి 98 శాతం తొలగించామని రాసే పేపరు ఇంకొకటి ఎవరికీ అక్కర్లేదు.

ఈ నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువ?

అడుగున గ్రానైటు, నీస్ రాళ్లు. వాటిలోని బయోటైటు, హార్న్‌బ్లెండు, అపటైటు, ఫ్లోరైటు నుంచి ఫ్లోరైడ్ మెల్లగా కరుగుతుంది. రాయిలో ఉన్నంత మాత్రాన నీళ్లలోకి రాదు, కాల్షియం దాన్ని కాల్షియం ఫ్లోరైడుగా పట్టి ఉంచుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్నచోట నీరు రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలుస్తుంది, కాల్షియం కార్బనేటుగా దిగిపోతుంది, కొంత బంకమట్టిలోని సోడియంతో మారిపోతుంది. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బనేటు, పీహెచ్ పెరిగాక ఫ్లోరైడును ఆపేది ఉండదు. అందుకే ఫ్లోరైడ్ ఒక్కటే కొలిచి వదిలేయకండి. కాల్షియం, సోడియం, బైకార్బనేటు పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థం చెప్పలేరు.

నమూనాలు ఎప్పుడు, ఎలా తీయాలి?

ఇతర రాష్ట్రాల పేపర్లు చూసి "వర్షాకాలం తర్వాత" అంటే అక్టోబరు అని రాసేస్తుంటారు. నెల్లూరులో వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి వానకు ముందు నమూనా మే నెలలో, తర్వాతి నమూనా జనవరిలో తీయాలి. ప్రకాశం పడమటి మండలాల్లో నైరుతి వాటా కూడా ఉంటుంది, అక్కడ మండలం వర్షపాతం లెక్క చూసి నిర్ణయించుకోండి.

చేతిపంపయినా మోటారయినా 5 నుంచి 10 నిమిషాలు నీళ్లు వదిలేయండి, పైపులో నిలిచిన నీళ్లు పోవాలి. పాలీఇథిలీన్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలవండి. అంచుదాకా నింపి మూత బిగించండి. ఫ్లోరైడ్ సీసాలో యాసిడ్ వేయకూడదు. లోహాలు కొలవాలంటే వేరే సీసాలో నైట్రిక్ యాసిడ్ వేసుకోండి. పీహెచ్, కండక్టివిటీ బోరు దగ్గరే చూడాలి. బైకార్బనేటు టైట్రేషన్ అదే రోజు సాయంత్రానికి అయిపోవాలి, కార్బన్ డయాక్సైడ్ పోయేకొద్దీ పీహెచ్ మారుతుంది. సీసా మీద ఊరి పేరుతో పాటు బోరు లోతు, వాడకం (తాగడానికా, పశువులకా, పొలానికా) రాయండి. లోతు రాసుకోక తర్వాత మళ్లీ ఆ ఊరికి వెళ్లాల్సి రావడం అందరికీ జరిగేదే.

అన్నీ కొలిచాక క్యాటయాన్ల మొత్తం, యానయాన్ల మొత్తం మిల్లీ ఈక్వివలెంట్లలో వేసి చూడండి. తేడా 5 శాతం దాటితే ఏదో ఒక కొలత తప్పింది. ఎక్కువసార్లు దొరికే దొంగ బైకార్బనేటే.

ఫ్లోరైడ్ కొలవడానికి స్పాడ్న్స్ పద్ధతా, ఎలక్ట్రోడా?

డిపార్టుమెంటులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (విడి ఫ్లోరైడును మిల్లీవోల్టుల్లో చూపించేది) ఉంటే ఎలక్ట్రోడే. స్పాడ్న్స్ రంగు పద్ధతి 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు. అల్యూమినియం, ఆల్కలినిటీ ఎక్కువుంటే రీడింగు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మన నీళ్లలో ఆల్కలినిటీ ఎక్కువ, పటికతోనో అల్యూమినాతోనో శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం ఎక్కువ. అంటే సరిగ్గా మనకు కావలసిన చోటే అది తప్పు చెబుతుంది. ముందు డిస్టిలేషన్ చేస్తే సరిపోతుంది గానీ వంద నమూనాలకు అది ఎవరూ చేయరు.

ఎలక్ట్రోడుతో చదివే ముందు నమూనాలో పోసే టిసాబ్ బఫర్ ఎలా కలపాలి? ఎందుకు అంత ముఖ్యం?

సుమారు 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 57 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ వేయండి. బీకరును చన్నీళ్లలో ఉంచి, 6 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 5.0 నుంచి 5.5 మధ్యకు తెచ్చి, చల్లారాక లీటరు చేయండి. సీడీటీఏ యాసిడ్‌లో కరగదు, క్షారం పడేకొద్దీ కరుగుతుంది, కంగారుపడి వడకట్టేయకండి. నమూనా 25 మి.లీ.కు బఫర్ 25 మి.లీ., స్టాండర్డులకూ అంతే.

ఇందులో ప్రతిదానికీ ఒక పని ఉంది. పీహెచ్ 5 కంటే తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్ ఫ్లోరైడుగా మారి ఎలక్ట్రోడుకు కనపడదు. పీహెచ్ బాగా పెరిగితే హైడ్రాక్సైడునే ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్ అనుకుంటుంది. ఉప్పు వల్ల అన్ని ద్రావణాల అయానిక్ బలం ఒక్కటవుతుంది. సీడీటీఏ అల్యూమినియం, ఇనుములను పట్టుకుని ఫ్లోరైడును విడిపిస్తుంది.

సీడీటీఏ ఖరీదని మానేస్తే జరిగేది చూడండి. మీ పదార్థంలో అల్యూమినియం ఉంది, కొంత నీళ్లలోకి వదిలింది, అది ఫ్లోరైడును కట్టేసుకుంది. ఎలక్ట్రోడ్ విడి ఫ్లోరైడును మాత్రమే చూస్తుంది కాబట్టి ఫ్లోరైడ్ పోయిందని చూపిస్తుంది. నిజానికి అది నీళ్లలోనే ఉంది, తోడుగా అల్యూమినియం కూడా చేరింది. ఇలా నిలబడిన ఫలితాలు ఎన్ని ఉన్నాయో! భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా., వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు, అల్యూమినియం 0.03, వేరే వనరు లేనప్పుడు 0.2 మాత్రమే. రెండూ కొలిచి రెండూ రాయాలి.

ఎలక్ట్రోడ్ రీడింగు నిలబడడం లేదు. ఏం చూడాలి?

ముందు స్టాండర్డులు. 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 2.210 గ్రాములు లీటరులో కరిగిస్తే 1000 మి.గ్రా. ఫ్లోరైడ్. దాన్నుంచి 0.5, 1, 2, 5, 10 చేసుకోండి. అన్నీ ప్లాస్టిక్ పాత్రల్లోనే. గాజు ఫ్లోరైడును కొంత పట్టుకుంటుంది.

1కి, 10కి మధ్య తేడా 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం 59.2 మిల్లీవోల్టులు. 54 నుంచి 60 మధ్య వస్తే పని చేసుకోవచ్చు. 50కి పడిపోతే స్ఫటికం మురికి పట్టిందనో, రిఫరెన్స్ ద్రావణం పాతదైందనో అర్థం. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నింపే రంధ్రం మూత తీశారా లేదా చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. స్ఫటికం కింద గాలిబుడగ ఉంటే అంకె ఎగిరెగిరి పడుతుంది. ఎలక్ట్రోడును కొంచెం వాల్చి ముంచండి.

తర్వాత వేడి. నెల్లూరులో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని ల్యాబు 35 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అక్కడ ఆ తేడా (స్లోప్) 61.1 కావాలి. పొద్దున స్టాండర్డులు చదివి మధ్యాహ్నం నమూనాలు చదివితే లెక్క తప్పుతుంది. ఒక్క మిల్లీవోల్టు తేడా అంటే గాఢతలో దాదాపు 4 శాతం తప్పు. మాగ్నెటిక్ స్టిర్రర్ కూడా వేడెక్కి బీకరును వేడి చేస్తుంది, మధ్యలో ఒక థర్మోకోల్ ముక్క పెట్టండి. తక్కువ గాఢత నుంచి ఎక్కువకు చదవండి. లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉన్నవాటికి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. ప్రతి పది నమూనాలకు ఒకసారి 1 మి.గ్రా. స్టాండర్డును మళ్లీ చూడండి.

అడ్సార్ప్షన్ (పదార్థం తన ఉపరితలం మీద ఫ్లోరైడును పట్టడం) ప్రయోగంలో ఏ పరిమాణాలతో మొదలుపెట్టాలి?

100 మి.లీ. ప్లాస్టిక్ సీసాలో 50 మి.లీ. నీళ్లు, 0.1 గ్రాము పదార్థం, నిమిషానికి 150 చుట్లు, రెండు గంటలు. మూడు సీసాలు ఒకేలా, పదార్థం వేయకుండా అవే నీళ్లు పోసిన సీసా (బ్లాంక్) ఒకటి. బ్లాంక్ సీసాలో కూడా ఫ్లోరైడ్ తగ్గితే సీసానో వడపోత కాగితమో మింగుతోందన్నమాట.

మొదట 10 ఉన్న ఫ్లోరైడ్ చివరకు 2కు వచ్చిందనుకోండి. తేడా 8, దాన్ని 0.05 లీటరుతో హెచ్చించి 0.1 గ్రాముతో భాగిస్తే గ్రాముకు 4 మి.గ్రా. ఈ అంకెను మురిపెంగా చూసుకునే ముందు ఇంటి లెక్క వేయండి. ఒక ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు. నీళ్లలో 4 ఉంటే 1కి దించాలి. రోజుకు 60 మి.గ్రా. తీయాలి. చివర 1 మి.గ్రా. దగ్గర మీ పదార్థం నిజమైన శక్తి గ్రాముకు 1 మి.గ్రా. అయితే కిలో పదార్థం పదహారు రోజులు వస్తుంది. మొదటి గాఢత 100 పెట్టి "గ్రాముకు 45" అని తేల్చిన అంకె ఈ లెక్కలో ఎందుకూ పనికిరాదు.

ఈ సీసా ప్రయోగం (బ్యాచ్) అయ్యాక బోరు నీళ్లతో కాలమ్ (పదార్థం నింపిన గొట్టం) తప్పక నడపండి. బైకార్బనేటు లీటరుకు 300, 400 మి.గ్రా. ఉన్న నీళ్లు ఇక్కడ మామూలే. అల్యూమినా పీహెచ్ 5 నుంచి 6 దగ్గర బాగా పట్టి, 8 దగ్గర చతికిలబడుతుంది. ఆ పడిపోయిన అంకెను దాచకుండా రాసిన థీసిస్‌కే విలువ.

అడ్సార్ప్షన్ వేగానికి వేసే సూడో సెకండ్ ఆర్డర్ గ్రాఫులో ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది. కెమిసార్ప్షన్ (రసాయన బంధంతో పట్టడం) అని రాయవచ్చా?

రాయకండి. ఆ గ్రాఫులో రెండు అక్షాల మీదా కాలమే ఉంది. సమతాస్థితి దాటాక తీసిన బిందువులు ఎక్కువగా ఉంటే ఏ డేటా అయినా గీతలా కనపడుతుంది. గీతగా మార్చకుండా నేరుగా వంపునే అమర్చండి, ఎక్సెల్ సాల్వర్‌తో అయిపోతుంది. మొదటి పది నిమిషాల్లో కనీసం ఐదు బిందువులు ఉండాలి. బంధం ఎలాంటిదో చెప్పాలంటే ఎక్స్‌పీఎస్, ఐఆర్, పీహెచ్ మార్పు, డిసార్ప్షన్ చూడాలి. గ్రాఫు చెప్పదు.

రొయ్య పొట్టు నుంచి కైటోసాన్ (పొట్టులోని కైటిన్ నుంచి వచ్చే పాలిమర్) చేయాలనుకుంటున్నాం. వరుస ఏమిటి?

తలకాయల్లో మాంసం, కొవ్వు ఎక్కువ. ఒంటి మీది పొట్టు తీసుకోండి. ప్లాంటు నుంచి తెచ్చిన రోజే కడిగి ఎండబెట్టాలి, ఒక్క రాత్రి ఉంచితే కుళ్లుతుంది. ఎండాక దంచి జల్లెడ పట్టండి.

మొదట 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, గ్రాముకు 15 మి.లీ., గది వేడిలో రెండు మూడు గంటలు. పొట్టులోని కాల్షియం కార్బనేటు నుంచి గ్యాసు వచ్చి నురగ ఉప్పొంగుతుంది, అందుకే మూడింతలు పెద్ద బీకరు తీసుకుని యాసిడ్ కొంచెం కొంచెంగా పోయండి. యాసిడ్‌ను వేడి చేయకండి, పాలిమర్ గొలుసు తెగి తర్వాత కైటోసాన్‌తో చేసే పూసలు నిలబడవు. నీళ్లు తటస్థం అయ్యేదాకా కడిగి, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడులో 70 నుంచి 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే ప్రొటీన్ పోతుంది. మిగిలింది కైటిన్. దాన్ని 50 శాతం సోడియం హైడ్రాక్సైడులో 100 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు గంటలు ఉంచి, కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. ఈ మెట్టుకు స్టీలు లేదా పాలీప్రొపిలీన్ పాత్ర. అల్యూమినియం గిన్నె వాడితే హైడ్రోజన్ పుట్టి గిన్నె తినేస్తుంది. కళ్లద్దాలు లేకుండా దగ్గరికి వెళ్లకండి, ఆ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది.

పరీక్ష తేలిక: 1 గ్రామును 100 మి.లీ. 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కలపండి. రాత్రంతా కలిపినా పలుకులు మిగిలితే డీఎసిటైలేషన్ (కైటిన్‌ను కైటోసాన్ చేసే 50 శాతం క్షారం మెట్టు) చాలలేదు. 600 డిగ్రీల దగ్గర కాల్చితే బూడిద 1 శాతం దాటితే కాల్షియం మిగిలింది.

ఒక్క కైటోసాన్‌తో బోరు నీటి ఫ్లోరైడ్ పెద్దగా పోదు. దాని అమైన్ గుంపులకు ధనావేశం రావాలంటే పీహెచ్ 6.5 కంటే తక్కువ ఉండాలి, మన నీళ్లు 7.5, 8. లాంథనం, జిర్కోనియం లాంటివి ఎక్కిస్తేనే ఫలితం. తీరం చెత్త మెట్ట ప్రాంతపు నీళ్లకు పనికొచ్చేలా చేయడం నిజంగా మంచి అంశం; లాంథనం ఎంత కారుతుందో కూడా కొలవాలి, అంతే.

థర్మల్ బూడిదతో?

బూడిదను సోడియం హైడ్రాక్సైడుతో 550 డిగ్రీల దగ్గర కరిగించి, నీళ్లు కలిపి, 90 నుంచి 100 డిగ్రీల దగ్గర ఉంచితే జియోలైటు (సన్న రంధ్రాల అల్యూమినోసిలికేటు) వస్తుంది. ఎక్స్‌ఆర్‌డీలో క్వార్ట్జ్, ముల్లైట్ శిఖరాలు మిగిలి ఉంటే కరిగించడం చాలలేదు. జియోలైటు ఋణావేశం గలది: అమ్మోనియం, సీసం పట్టుకుంటుంది, ఫ్లోరైడును పట్టుకోదు. ఈ ఒక్క సంగతి తెలియక ఏడాది పోగొట్టుకునేవాళ్లున్నారు. దీన్ని రొయ్యల చెరువు అమ్మోనియాకు వాడి చూడండి, కాకపోతే ఉప్పునీటి సోడియం పోటీ పడుతుంది.

చెరువు నీళ్లలో అమ్మోనియా కొలవడంలో ఇబ్బంది ఏమిటి?

ఉప్పు. నెస్లర్ రియేజెంటు వేస్తే కాల్షియం, మెగ్నీషియం వల్ల తెల్లగా మడ్డి కడుతుంది, పైగా పాదరసం వ్యర్థం. ఇండోఫినాల్ పద్ధతి వాడి, సిట్రేటు కలిపి, స్టాండర్డులను అంతే ఉప్పదనం ఉన్న నీటిలో చేయండి. మొత్తం అమ్మోనియాతో పాటు పీహెచ్, ఉష్ణోగ్రత, సమయం రాయాలి. 25 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 దగ్గర విషపూరితమైన విడి అమ్మోనియా 5 శాతం, పీహెచ్ 9 దగ్గర 36 శాతం. నాచు వల్ల మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. పొద్దున ఆరింటి నమూనాతో రైతుకు భరోసా ఇవ్వకూడదు.

రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (లిక్విడ్ క్రోమటోగ్రఫీకి జోడించిన మాస్ స్పెక్ట్రోమీటరు) తప్ప దారి లేదు. నైట్రోఫ్యూరాన్లనే యాంటీబయాటిక్‌ల మెటబొలైట్లు మాంసం ప్రొటీనుకు అతుక్కుని ఉంటాయి, పలుచని యాసిడ్‌లో 2-నైట్రోబెంజాల్డిహైడుతో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. యూరప్ పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ఆ పరికరం దొరకని చోట ఈ అంశం తీసుకోవద్దు.

ఎంవోఎఫ్‌లకు (మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కులు, రంధ్రాలున్న లోహ-కర్బన పదార్థాలు) 2025 నోబెల్ వచ్చింది. మన ల్యాబులో చేయగలమా?

కొన్ని చేయవచ్చు. అల్యూమినియం ఫ్యూమరేట్ అయితే అల్యూమినియం సల్ఫేటు, ఫ్యూమరిక్ యాసిడ్, సోడియం హైడ్రాక్సైడులతో నీళ్లలోనే, 60 డిగ్రీల దగ్గర తయారవుతుంది. ఆటోక్లేవు అక్కర్లేదు. ఫ్లోరైడును పడుతుంది కూడా. కానీ మెత్తని పొడి. కాలమ్‌లో పోస్తే నీళ్లు దిగవు. అల్యూమినియం ఎంత వదులుతోందో ప్రతి పీహెచ్ దగ్గరా చూడాలి.

ఎండాకాలంలో ఆర్గానిక్ సింథసిస్ ఎందుకు తేడా వస్తుంది?

డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో సీసా మూత తీస్తేనే బుస్సుమంటుంది, సెపరేటింగ్ ఫన్నెల్ ఊపితే బిరడా ఎగిరిపోతుంది. ఆ నెలల్లో ఇథైల్ ఎసిటేటుకు మారండి. డైక్లోరోమీథేన్ 39.6 డిగ్రీలకు మరుగుతుంది. మిద్దె మీది ట్యాంకు నీళ్లే మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే రోటావ్యాప్ కండెన్సరులో ఏం చల్లబడుతుంది? అంతా పంపులోకీ గాలిలోకీ పోతుంది. చిల్లరు లేకపోతే ఐసు తొట్టెలో చిన్న పంపు పెట్టి నీళ్లు తిప్పండి, లేదా ఆ పని పొద్దున్నే ముగించండి. సముద్రపు తేమకు ఐఆర్ స్పెక్ట్రం తీసే కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) బిళ్ల నీళ్లు పీల్చుకుంటుంది. 3400 దగ్గర వెడల్పు శిఖరాన్ని హైడ్రాక్సిల్ అనుకునే ముందు 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన ఖాళీ బిళ్ల తీసి చూడండి.

హెచ్‌పీఎల్‌సీ పద్ధతి అంటే చులకనగా చూస్తారు. తీసుకోవచ్చా?

తీసుకోండి. మందుల కంపెనీల్లో ఉద్యోగానికి నేరుగా పనికొచ్చేది ఇదే. మరో మాత్రకు మరో పద్ధతి కాకుండా, మందు విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే పదార్థాలను విడదీసి గుర్తించేది చేయండి. పద్ధతుల నిరూపణకు వాడే అంతర్జాతీయ ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకం 2023లో మారింది, పాత థీసిస్ నుంచి ఎత్తి రాయకండి. ఫాస్ఫేటు బఫర్ మీదికి నేరుగా అసిటోనైట్రైల్ ఎక్కువ పంపితే ఉప్పు గట్టిపడి కాలమ్ మూసుకుపోతుంది. సాయంత్రం 90:10 నీళ్లు, మెథనాల్‌తో అరగంట కడిగి, తర్వాతే మెథనాల్‌లో ఉంచండి.

మా దగ్గర ఎన్ఎంఆర్, ఎక్స్‌ఆర్‌డీ లేవు.

ఐఐటీ మద్రాసులోని సైఫ్ అనే పరికరాల కేంద్రానికి పంపవచ్చు. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఎక్కడుందో చూసుకోవచ్చు. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌కు 5 నుంచి 10 మి.గ్రా. చాలు, పూర్తిగా ఆరినది, టీఎల్‌సీలో ఒకే మచ్చ ఉన్నది. ఈథర్, ఇథైల్ ఎసిటేటు మిగిలి ఉంటే డబ్బు ఇచ్చి సాల్వెంటు స్పెక్ట్రం కొనుక్కున్నట్టే.

ఫెలోషిప్, గడువు?

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు రూ. 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) రూ. 42,000. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, సాధారణంగా ఆరేళ్ల లోపు. ఆ నిబంధనల్లో పేపరు ప్రచురణ తప్పనిసరి కాదు, మీ విశ్వవిద్యాలయం నియమం వేరుగా అడిగి తెలుసుకోండి. వారంలో అచ్చు వేస్తామని డబ్బులడిగే పత్రికలకు ఇవ్వకండి.

నమూనా ఇచ్చిన ఊరివాళ్లకు ఫలితం చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, అదీ గైడు అనుమతితో, తెలుగులో, బోరు వారీగా రాసిచ్చి. మీ రెండో కొలత కూడా అదే అంకె చూపించాకే ఇవ్వండి. "ఎక్కువుంది" అని వదిలేయకుండా, "గుడి దగ్గర బోరులో 3.8, బడి దగ్గర బోరులో 1.2, పిల్లలకు బడి బోరే పట్టండి" అన్నట్టు చెప్పండి. కాచి తాగితే పోతుందా అని తప్పకుండా అడుగుతారు. పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. వాన నీళ్లు పట్టుకుంటే, వాటిని ఈ బోరు నీళ్లలో కలుపుకుంటే తగ్గుతుంది. ఎంత కలపాలో ఆ కాగితం మీదే లెక్క వేసి ఇవ్వండి. 3.8 ఉన్న బిందెడు నీళ్లకు మూడు బిందెల వాన నీళ్లు కలిపితే 1 లోపుకు వస్తుంది.